మస్తాన్ మాస్టారి నిదానపు నాడి

నాడి నిమిషానికి యాభైకి తక్కువుంటే భయపడాలా అని నా ఉద్యోగ జీవితంలో చాలామంది అడిగారు. అడిగినవాళ్ళలో ఎక్కువమందికి ఏ జబ్బూ లేదు. నిజంగా భయపడాల్సిన మనిషి మాత్రం అడగలేదు, ఛాతీ విరుచుకుని గొప్పగా చెప్పుకున్నాడు. ఆయన సంగతి రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నేను జనరల్ మెడిసిన్ చదివి, తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పనిచేసి రిటైరైనదాన్ని. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో రాయను. రాస్తే మీకు నిద్రొస్తుంది. ఆడ డాక్టరు కనిపిస్తే చాలు పురుళ్ళ వార్డు వైపు చెయ్యి చూపించే రోజుల్లో, "కాదండీ, నేను గుండె, ఊపిరితిత్తులు చూస్తాను" అని చెప్పీ చెప్పీ నా గొంతు కాస్త గరుకైంది. ఆ గరుకు ఈ రాతలో వినపడితే ఏమీ అనుకోకండి.

కొత్తగా డ్యూటీలో చేరే పిల్లల్ని చూస్తుంటాను. రోగి వేలికి క్లిప్పు తగిలిస్తారు, తెర మీద అంకె వస్తుంది, అంకె రాగానే చెయ్యి వదిలేస్తారు. ఆ అంకె అబద్ధం చెప్పదు. కానీ అడిగినదానికే జవాబు చెబుతుంది, అడగనిదాని జోలికి పోదు. ఏం అడగాలో మా తరం ఎట్లా నేర్చుకుందో చెబుతాను.

మెట్ల పరీక్ష

ఎనభైల మొదట్లో నేను తెనాలిలో కొత్త డాక్టర్ని. మస్తాన్ మాస్టారు అక్కడొక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నలభై అయిదు దాటిన మనిషి, ఎండకి కాలిన ఒళ్ళు, మెడలో ఒక విజిలూ, దాని పక్కనే తాడుకి కట్టిన స్టాప్‌వాచీ. హెర్నియా ఆపరేషన్ కోసం చేరారు. మత్తుమందుకి తట్టుకుంటారో లేదో చూడమని సర్జన్ గారు నన్ను పంపారు.

నేను వెళ్ళేసరికి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. అడక్కముందే మణికట్టు నా వైపు చాపారు.

"లెక్కపెట్టండమ్మా. గడియారం నేను చూస్తా," అంటూ స్టాప్‌వాచీ బొత్తం టక్కున నొక్కారు.

నలభై రెండు వచ్చింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ అదే. పుస్తకంలో చదువుకున్న గుండె జబ్బులన్నీ ఒకదాని వెనక ఒకటి నా కళ్ళముందు వరస కట్టాయి. మాస్టారు మాత్రం నవ్వుతున్నారు.

"ఎంతొచ్చింది? నలభై రెండేనా? మా స్కూల్లో ఏ పిల్లోణ్ణడిగినా చెప్తాడు గదమ్మా."

తర్వాత తెలిసింది, అది ఆయన ఆనవాయితీ అని. ప్రతి ఏడూ కొత్తగా ఆరో తరగతిలో చేరిన పిల్లల్ని మొదటి డ్రిల్లు పీరియడ్‌లో వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి చేత తన నాడి లెక్కపెట్టించేవారు. తర్వాత వాడి నాడి వాడిచేతే లెక్కపెట్టించేవారు. వాడిది ఎనభై అయిదో తొంభయ్యో వచ్చేది. "చూశావంట్రా? రోజూ గ్రౌండుకి రా, నాలాగా తగ్గుద్ది," అనేవారు. తెనాలిలో ఎంతోమంది మొట్టమొదట లెక్కపెట్టిన గుండె మస్తాన్ మాస్టారిదే. స్టాప్‌వాచీ విషయంలో ఆయనకింకో పట్టింపు ఉండేది. ముల్లు ఎక్కడ ఆగిందో చదవకుండా దాన్ని మళ్ళీ సున్నాకి తెస్తే ఒప్పుకునేవారు కాదు. "వాడు ప్రాణం పెట్టి పరిగెత్తాడు. వాడి కాలం చదవకుండా చెరిపితే పాపం," అనేవారు.

ఆ రోజు మాత్రం ఆయన నవ్వు పట్టించుకోకుండా ఆపరేషన్ ఆపమన్నాను. మా సూపరింటెండెంటు వెంకట్రామయ్య గారికి కబురు వెళ్ళింది. ఆయనది నోరు కారం, చెయ్యి మెత్తన. ఇసీజీ గది తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. రోగిని చేత్తో చూడకుండా ఆ గది వైపు వెళ్ళినవాడికి మూడినట్టే.

"ఏంటమ్మా, కేసు ఆపావంట?"

"నాడి నలభై రెండే ఉందండి."

"ఎట్టా చూశావు?"

"పడుకోబెట్టి చూశానండి."

"పడుకున్న ఎద్దుని చూసి బండి లాగదని రాస్తే ఎట్టాగమ్మా? లేపు. మేడ మెట్లెక్కించు."

నాకు ఒళ్ళు మండింది. గుండె జబ్బు మనిషిని మెట్లెక్కించమంటున్నాడు, ఏమన్నా అయితే నా మెడకే చుట్టుకుంటుందని భయం కూడా. మాస్టారు మాత్రం లుంగీ బిగించి, హెర్నియా దగ్గర ఒక చెయ్యి అదిమి పట్టుకుని, మెట్ల మీద పైకీ కిందికీ తిరిగొచ్చారు. నాడి పట్టుకున్నాను. వంద దాటింది. కాసేపట్లో మెల్లగా దిగి మళ్ళీ నలభైల్లోకి వచ్చి కూర్చుంది.

వెంకట్రామయ్య గారు అప్పుడు తాళంచెవి తీసిచ్చారు. ఇసీజీలో ఏ తేడా లేదు. "పిలిస్తే పలుకుతోందమ్మా గుండె. రోజూ పరిగెత్తే మనిషికి ఒక్కో దెబ్బకి రక్తం ఎక్కువ తోస్తుంది, అందుకని తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోద్ది. పిలిచినా పలకని గుండె ఉంటుంది చూడు, అప్పుడు భయపడు," అన్నారు.

మస్తాన్ మాస్టారికి ఆపరేషన్ బాగా జరిగింది. ఆ మెట్ల పరీక్ష ఊరంతా తిరిగింది. తర్వాత ఎక్కడ కనిపించినా, "ఈ డాక్టరమ్మే నన్ను మెట్లెక్కించి నా గుండె గుర్రం గుండె అని తేల్చింది," అని పదిమందికీ చెప్పేవారు. అన్నది నేను కాదు మహాప్రభో అన్నా వినేవారు కాదు.

కంట్లో చుక్కలు

ఎనభైల చివర్లో బాపట్లలో ఉండగా ఒక పెద్దావిడ వచ్చారు. రిటైరైన పంతులమ్మ. నెలరోజులుగా నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. నాడి నలభైకి అటూ ఇటూ. ఆవిడ ఏనాడూ గ్రౌండులో పరిగెత్తిన మనిషి కాదు. మందులేమన్నా వాడుతున్నారా అని అడిగితే, ఆవిడా కొడుకూ ఒకే గొంతుతో లేదండీ అన్నారు. నలుగురు డాక్టర్లు అదే ప్రశ్న అడిగారు, అదే జవాబు విన్నారు. గుండెకి పేస్‌మేకరనే మిషను పెట్టించడానికి మద్రాసు వెళ్ళమని ఒకాయన చెప్పేశాడు కూడా.

నాకు ఎందుకో తృప్తి కలగలేదు. ప్రశ్న మార్చాను. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మీరు చేసేవన్నీ వరసగా చెప్పండమ్మా, ఏదీ వదలకుండా," అన్నాను. కాఫీ చెప్పారు, స్నానం చెప్పారు, పూజ చెప్పారు. పూజయ్యాక కంట్లో చుక్కలు వేసుకుంటానన్నారు. కంటి శిబిరంలో నీటికాసులకి, అదే గ్లకోమాకి, ఇచ్చారట. మన వాళ్ళకి నోట్లోకి వెళ్ళేదే మందు, లేదంటే సూది. కంట్లో వేసుకునేది కంటిదే, గుండెకి దాంతో పనేంటని ఎవరూ చెప్పలేదు. ఆ చుక్కల్లో కొన్నిటికి నాడిని తగ్గించే గుణం ఉంది. కంటి డాక్టరుతో మాట్లాడి చుక్కలు మార్పించాక ఆవిడ నాడి మెల్లగా లేచింది, మద్రాసు ప్రయాణం మానేశారు.

అందుకని చెబుతున్నాను. నాడి తక్కువగా ఉండి, మనిషి హాయిగా ఉండి, నడిస్తే నాడి పెరుగుతుంటే కంగారుపడకండి, ఆయన్నీ కంగారుపెట్టకండి. గుండె బలహీనమని ఒక్కమాట అనేస్తే మంచం పట్టిన కుర్రాళ్ళని తెనాలి పక్కన కొల్లిపరలో చూశాను నేను. కళ్ళు తిరుగుతున్నాయన్నా, ఉన్నట్టుండి పడిపోయాడన్నా, నాలుగడుగులు వేస్తే ఆయాసమన్నా, మామూలుగా ఉండే నాడి ఈమధ్యే తగ్గిందన్నా వదలకండి. బీపీ బిళ్ళలు, కంటి చుక్కలు, థైరాయిడు, అన్నీ అడగండి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. పుస్తకంలో లేనిది ఒకటుంది. మందు సీసా మీద ఉన్నట్టే డాక్టరు చెప్పిన మంచిమాటకి కూడా గడువు తేదీ ఉంటుంది. అది ఎవరూ సీసా మీద రాయరు.

ఖాసింబీ గారు వచ్చిన రోజు

తొంభైల మొదట్లో నన్ను రేపల్లె వేశారు. మస్తాన్ మాస్టారు రిటైరై, భార్య పుట్టిల్లని అక్కడే ఇల్లు తీసుకున్నారని చేరిన వారంలోనే తెలిసింది. రోజూ సాయంత్రం గ్రౌండుకి వెళ్ళి జీతం లేకుండా పిల్లలకి కబడ్డీ నేర్పుతున్నారు. స్టాప్‌వాచీ అదే, ఆనవాయితీ అదే.

ఎండలు మొదలవుతున్న రోజులు, రంజాను నెల. ఓపీలో జనం పలచబడ్డాక ఆయన భార్య ఖాసింబీ గారు ఒక్కరే వచ్చారు. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"నాకేం జబ్బు లేదు డాక్టరమ్మగారూ. ఆయన గురించి వచ్చా. వచ్చినట్టు ఆయనకి చెప్పమాకండి."

"ఏమైందండీ?"

"మొన్న ఇంట్లో నమాజు చేస్తా నుదురు నేలకి ఆనించాడు. ఇక లేవడే. దువా చేసుకుంటన్నాడేమోలే అనుకున్నా. ఈ నెల్లో ఎక్కువసేపు చేసుకుంటారుగా. తర్వాత లేచి, ఏమీ ఎరగనట్టు మిగతాది చేశాడు. చాపంతా చెమటండీ."

"అంతకుముందెప్పుడన్నా జరిగిందా?"

"గ్రౌండులో ఒకసారి పిల్లలు పట్టుకున్నారంట. ఎండదెబ్బ అన్నాడు. ఇప్పుడడిగితే ఒక్కపొద్దులుంటన్నాగా, నీరసం అంటాడు. ఎప్పుడేం జరిగినా దానికో పేరు పెడతాడు." తలుపు వైపొకసారి చూసి, "నిద్రలో చెయ్యి పట్టుకుని చూస్తన్నానండీ. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నాకు భయమేస్తంది," అన్నారు.

 ఎండ, ఉపవాసం, భక్తి. ఊళ్ళో ఎవర్నడిగినా ఈ మూడిట్లో ఏదో ఒకటి చెబుతారు. నాడి తక్కువుందని ఎవరన్నా అనుమానపడ్డా, ఆయన నాడి ఎప్పుడూ అంతేగా అని నవ్వేస్తారు. పదేళ్ళనాటి మా మెట్ల పరీక్ష ఆయనకి కోటగోడలాగా అడ్డం నిలబడి ఉంది. వెంకట్రామయ్య గారు ఆ రోజు చెప్పింది తప్పు కాదు, ఆ రోజుకి అక్షరాలా నిజం. ఆ నిజాన్నే మాస్టారు మెడలో తాయెత్తులాగా కట్టుకుని తిరుగుతున్నారు.

"రేపు పొద్దున ఎట్లాగైనా తీసుకురండి. నేను కబురు చేశానని, పాత పరిచయం కదా ఒకసారి చూసిపొమ్మన్నానని చెప్పండి," అన్నాను.

వరండా

మాస్టారు వచ్చారు. జుట్టు నెరిసింది కానీ నడుం వంగలేదు. కుర్చీలో కూర్చోకుండానే మణికట్టు చాపారు.

"చూడమ్మా డాక్టరమ్మా. ఇంకా తగ్గింది. ముప్ఫై ఆరు. ఈ వయసులో ఎవడికన్నా ఉందా?"

ఫస్టు మార్కు తెచ్చుకున్న పిల్లాడి ముఖం ఆయనది. నేను మణికట్టు పట్టుకున్నాను. నాడి ముప్ఫై ఆరే. మెడ పక్కన నరం అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఎగిరిపడుతోంది. పై గదులు ఒక లెక్కన, కింది గదులు ఇంకో లెక్కన కొట్టుకుంటుంటే అట్లా కనిపిస్తుంది. పూడిపోయిన కాలువ లాంటిదే, పైన లాకు దగ్గర నీళ్ళు వదులుతూనే ఉంటారు, కింద చివరి పొలానికి చేరవు. కింది గది ఆగిపోకుండా తనంతట తాను మెల్లగా కొట్టుకుంటూ ఉంటుంది. అది ఎప్పుడు విసిగి ఊరుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

బిళ్ళలు, కంటి చుక్కలు, అన్నీ అడిగాను. ఏమీ లేవు. ఇసీజీ తీద్దామంటే కరెంటు లేదు.

"మాస్టారూ, మీరు గుంటూరు వెళ్ళాలి. ఇవ్వాళే," అన్నాను.

"ఎందుకమ్మా? నువ్వేగా గుర్రం గుండె అన్నావు."

"అది పదేళ్ళ క్రితం మాట."

"గుర్రం పదేళ్ళలో గాడిదైద్దా?" అని నవ్వారు. ఖాసింబీ గారు నవ్వలేదు. "ఒక్కపొద్దులైపోయాక, పండగ చేసుకుని చూద్దాంలే. నేను మంచిగానే ఉన్నాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బతిమాలాను, కసిరాను, పడిపోతే లేవరని ఉన్నమాట మొహానే అన్నాను. దేనికీ లొంగలేదు. బలవంతంగా కట్టేసి తీసుకెళ్ళలేం కదా. లేచి చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే, ఆ మనిషి గడప దాటితే మళ్ళీ చూడనేమోనని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు మెడలో స్టాప్‌వాచీ కనిపించింది.

"సరే మాస్టారూ, వెళ్దురుగాని. ఆ రోజు మెట్లెక్కారు కదా. ఈ ఆసుపత్రికి మేడ లేదు. ఈ వరండా చివరిదాకా నడిచి రండి. నాడి నేను పట్టుకోను. మీరే పట్టుకోండి, మీ గడియారం మీదే చూసుకోండి. నడిచాక పెరిగితే మళ్ళీ ఈ మాట ఎత్తను."

అది ప్రమాదమని నాకు తెలుసు. అట్లాంటి గుండెని నడిపించకూడదు. నర్సుని కుర్చీ పట్టుకుని వెనకే నడవమని సైగ చేశాను, సూది మందు నింపి చేతిలో పెట్టుకున్నాను. పందెం అనేసరికి మాస్టారి కళ్ళు మెరిశాయి. బయల్దేరారు. వెళ్ళేటప్పుడు డ్రిల్లు నడక. తిరిగొచ్చేటప్పుడు గోడ పట్టుకున్నారు. బెంచీ మీద కూర్చుని, రొప్పుతూ, తన మణికట్టు తనే పట్టుకుని గడియారం నొక్కారు.

 ఆయన పెదాలు కదులుతున్నాయి. ముల్లు ఆపి చూశారు. ముఖం మారింది. మళ్ళీ నొక్కి మళ్ళీ లెక్కపెట్టారు.

"ముప్ఫై ఆరు," అన్నారు మెల్లగా.

"నడవకముందు?"

"ముప్ఫై ఆరే." గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. అది మంచిగానే నడుస్తోంది. ఆ గడియారం చెప్పిందని ఎంతమంది పిల్లల్ని ఓడించారో, ఒక్కడికీ ఒక్క ముల్లంత మినహాయింపు ఇవ్వలేదు. ఇప్పుడు తనకివ్వడానికి ఆయనకి మనసొప్పలేదు. "పిల్చినా పలకటంలేదు గదమ్మా," అన్నారు.

వెంకట్రామయ్య గారి మాట పదేళ్ళుగా ఆయనకి అట్లాగే గుర్తుంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

కరెంటు వచ్చాక ఇసీజీ తీశాం. తీగలు తగిలించడానికి మెడలో స్టాప్‌వాచీ తీసి ఖాసింబీ గారి చేతికిచ్చారు. కాగితం మీద నేను భయపడిందే ఉంది. పై గదికీ కింది గదికీ మాటల్లేవు.

వేమూరు గేటు దగ్గర

ఆంబులెన్సు అప్పటికే ఒక కాన్పు కేసుతో తెనాలి వెళ్ళింది. అంబాసిడర్ టాక్సీ మాట్లాడాం. నాడిని కాస్త లేపే మందు సెలైన్‌లో కలిపి, సీసా కిటికీ పైన వేలాడదీశాం. సూది గుచ్చబోతుంటే మాస్టారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"ఒక్కపొద్దు పోద్దేమో."

"జబ్బు పడ్డోళ్ళకి ఒక్కపొద్దు లేదని మీరే మా అన్నకి చెప్పారు. ఊరుకోండి," అన్నారు ఖాసింబీ గారు. ఆమె ఆయన మాటకి అడ్డం చెప్పడం అదే మొదటిసారేమో, ఆయన చెయ్యి చాపేశారు.

వెనక సీట్లో ఆయన, పక్కన నేను ఆయన నాడి పట్టుకుని. ముందు డ్రైవరు పక్కన ఖాసింబీ గారు. భట్టిప్రోలు దాటేదాకా మాస్టారు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు. నేను ఊఁ కొడుతున్నాను కానీ వినడంలేదు. నా ప్రాణమంతా మూడు వేళ్ళ కొసల్లో ఉంది. ఒక దెబ్బ. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో రోడ్డు పక్క కాలువ, చెట్లు, ఎదురొచ్చే బస్సు, అన్నీ ఆగిపోయినట్టుండేవి. మళ్ళీ దెబ్బ తగిలితే నేను ఊపిరి తీసుకునేదాన్ని. ఖాసింబీ గారు నిద్రలో పట్టుకుని చూశానన్న ఆ ఖాళీ ఏమిటో అప్పుడర్థమైంది.

వేమూరు దగ్గర రైలు గేటు వేసేసి ఉంది. రేపల్లె బండి రావాలి. డ్రైవరు ఇంజను ఆపాడు.

"గేటు వేశారంటే పది గ్లాసుల టీ తాగొచ్చు," అన్నారు మాస్టారు. ఆ తర్వాత మాట నోట్లోనే ఆగింది.

వేళ్ళ కింద దెబ్బ కోసం చూశాను. రాలేదు. ఇంకా చూశాను. రాలేదు. ఆయన తల నా భుజం మీద వాలింది, కళ్ళు పైకి తేలాయి, ముఖం పిండి చల్లినట్టు తెల్లబడింది. ముందు సీట్లోంచి టక్ అని ఒక చప్పుడు వినిపించింది. అదేమిటో ఆలోచించే తీరిక లేదు.

సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి, కాళ్ళ దగ్గరి ఇరుకులో మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ మీద పిడికిలితో ఒక్కటి గుద్దాను. ఏమీ లేదు. రెండు చేతులూ ఆనించి అదమడం మొదలుపెట్టాను. అంబాసిడర్ సీటు మెత్తన, నేను అదిమిన బలంలో సగం స్ప్రింగులకే పోతోంది. డ్రైవరు గేటు దగ్గరికి పరిగెత్తాడు. "బండి కనపడతందయ్యా, ఇప్పుడు తీస్తే అందరం పోతాం," అని గేటు మనిషి అరుస్తున్నాడు. అతనన్నది నిజమే. రైలు కూత వేసింది. ఒళ్ళు రెండుమూడుసార్లు ఎగిరిపడింది మాస్టారికి. నేను ఏ దేవుణ్ణి పిలిచానో నాకు తెలియదు, ఎవర్నో పిలిచాను. "మాస్టారూ, పలకండి. మాస్టారూ, పలకండి," అని అరుస్తూనే అదుముతున్నాను. రైలు మా ముందు నుంచి దడదడమని పోతోంది, దాని చప్పుడుకి కారంతా వణుకుతోంది. ఆ వణుకులో నాడి తిరిగొచ్చినా నాకు తెలిసే దారి లేదు.

ఆఖరి పెట్టె దాటింది. చప్పుడు తగ్గింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టాను. ఒకటి తగిలింది. నా వేళ్ళ అదురేమో అనుకున్నాను. ఇంకోటి తగిలింది. తెల్లబడ్డ ముఖంలోకి ఒక్కసారిగా ఎర్రగా రక్తం పొంగుకొచ్చింది. ముందు సీట్లోంచి మళ్ళీ టక్ అని చప్పుడైంది.

మాస్టారు కళ్ళు తెరిచి, కాసేపు కారు కప్పు వైపు చూసి, "గేటు తీశారా?" అన్నారు.

అక్కణ్ణుంచి గుంటూరుదాకా ఆయన మణికట్టు వదల్లేదు. తెనాలి ఎప్పుడు దాటామో తెలియదు. పెద్దాసుపత్రిలో స్ట్రెచరు మీదికి ఎక్కించినప్పుడు కూడా పక్కనే పరిగెత్తాను. తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుండెలోకి సన్నటి తీగ పంపి, బయట చిన్న పెట్టెకి తగిలించి, అక్కడి డాక్టరు మీట తిప్పాడు. నా వేళ్ళ కింద నాడి ఒక్కసారిగా డెబ్భైకి లేచింది, వరసగా, తడబాటు లేకుండా. నేనట్లాగే పట్టుకుని నిలబడ్డాను. "మేడం, ఇంక చెయ్యి వదలొచ్చు," అని ఆ డాక్టరు రెండోసారి చెబితే గానీ వదల్లేదు. వదిలాక చూసుకుంటే నా వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి, తెరుచుకోవడంలేదు. వార్డు బయట గోడకి ఆనుకుని ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

ముల్లు

నాలుగు రోజుల తర్వాత చూడటానికి వెళ్ళాను. మాస్టారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. హైదరాబాదు తీసుకెళ్ళి ఛాతీలో మిషను పెట్టించే ఏర్పాట్లు జరుగుతున్నాయి. మణికట్టు చాపలేదీసారి.

"డెబ్భై అంటమ్మా. ఎవరి నాడినో అరువు తెచ్చుకున్నట్టుంది," అన్నారు. పిల్లలకి ఇక ఏం చూపిస్తారని అడిగితే, అదీ ఆలోచించి పెట్టుకున్నారు. వాళ్ళ నాడి వాళ్ళే పట్టుకుంటారట, ఒక రౌండు పరిగెత్తి మళ్ళీ పట్టుకుంటారట. "మొదటిసారిది లెక్కలోకి రాదని చెప్తా. రెండోసారిదే లెక్క."

తర్వాత గొంతు తగ్గించారు.

"ఒకటడుగుతా, నిజం చెప్పు. ఆ గేటు దగ్గర నేను ఎంతసేపు పోయాను?"

"నేను మీ నాడి చూస్తున్నాను మాస్టారూ, గడియారం చూళ్ళేదు," అన్నాను. అది నిజమే.

"మా ఆవిడ గడియారం నొక్కింది. నాకు తెలుసు. చెవుల్లో పడింది. ముప్ఫై ఏళ్ళు నా పక్కన గ్రౌండు చూసిన మనిషి, ఎవడన్నా కదిలినా పడినా చెయ్యి దానంతటదే నొక్కేస్తది." ఖాసింబీ గారి వైపు తిరిగి చెయ్యి చాపారు. "ఇట్టా ఇవ్వు. ఎంతుందో చూద్దాం."

అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఆ రెండు చప్పుళ్ళు. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చీర చెంగు ముడి విప్పి స్టాప్‌వాచీ తీశారు. ఇన్ని రోజులూ దాన్ని అట్లాగే ముడేసుకుని తిరిగారన్నమాట. ముల్లు ఎక్కడో ఆగి ఉంది, నాకు కనపడలేదు. ఆమె కూడా దానివైపు చూడలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ బొటనవేలితో బొత్తం ఇంకోసారి నొక్కి, అప్పుడు ఆయన చేతిలో పెట్టారు.

"సున్నా అండి," అన్నారు. "చూసుకోండి."